విఱిగిన కాలిపై ఎంత బరువు?



కాలియెముక విఱిగి చికిత్స పొందుచున్నవానితో వైద్యుడు ఒకనాడు “ఇక కొంచెము బరువు మోపవచ్చును” అనును. ఈ “కొంచెము” అను మాటయే చిక్కులకెల్ల మూలము. తొందరగలవాడు మఱునాడే చేనిగట్టు ఎక్కును. భయస్థుడు నెలల తరబడి కాలు నేల కానింపక మంచముననే యుండును. ఇరువురును నష్టపోవుదురు.

మా చిట్టమూరు ప్రాంతమున ఎముక విఱిగినదనగానే పుత్తూరు కట్టు స్ఫురించును. పెద్ద ఆసుపత్రులలో నైనచో ఎక్స్‌రే తీసి, లోపల కడ్డీయో పలకయో అమర్చి మరలు బిగింతురు. ఏ పద్ధతియైనను ఎముకను కదలకుండ పట్టియుంచుటకే; అతుకుకొనుట ఎముక చేయు పని. విఱిగినచోట మొదట మెత్తని ధాతువు పుట్టి, వారములు గడచిన కొలది గట్టిపడి ఎముకగా మాఱును. ఎముక తాను మోయు భారమునకు తగినట్లు తన నిర్మాణమును మార్చుకొనునని జర్మనుదేశపు వైద్యుడు జూలియస్ వుల్ఫ్ 1892లో ప్రకటించిన గ్రంథమున ప్రతిపాదించెను. భారము బొత్తిగా లేనిచో ఎముక పలుచబడును, కండ కరగును, కీళ్ళు బిగియును. మితి మీఱినచో లేత అతుకు తప్పును. లోని లోహపు పలకయైనను విఱుగవచ్చును.

మన సుశ్రుతుడును ఈ క్రమమును ఎఱుగును. అరచేయి విఱిగి అతుకుకొన్నవాడు మొదట మట్టిముద్దను, పిదప ఉప్పుగడ్డను, బలము కుదిరిన పిమ్మట రాతిని పట్టవలెనని చెప్పెను. ఎముక కుదురుటకు తొలివయసున ఒక నెల, నడివయసున రెండు, ముదిమిని మూడు నెలలని గడువు పెట్టెను. చదువుకొనునాడు ఆ మట్టిముద్ద మాట నాకు వింతగా తోచెడిది. ఇప్పుడు దాని మర్మము తెలిసినది.

కావున వైద్యుని “ఎన్ని కిలోలు, ఎన్ని వారములు?” అని అడుగవలెను. 20 కిలోలని చెప్పెననుకొందము. మనుష్యులు ఎక్కి తూగెడి చిన్న కాటాపై దెబ్బకాలి నుంచి, రెండవ కాలిక్రింద అంతే యెత్తుగల పలక వేసి, చంకకఱ్ఱలు ఊని, ముల్లు 20 చేరువఱకు మెల్లగా అదుమవలెను. ప్రక్కన ఒకరు నిలిచియుండుట మేలు. దినదినము ఇట్లు చేసినచో ఆ బరువు అరికాలికి గుఱుతుండును. రెండు మూడు దినములు మానినచో గుఱుతు తప్పును గనుక మఱల తూచుకొనవలెను.

చంకకును కఱ్ఱకును నడుమ రెండు మూడు వ్రేళ్ళ సందుండవలెను. భారము అరచేతులపై పడవలెను. చంకపై వ్రేలాడువారికి నరము నలిగి చేయి తిమ్మిరెక్కును. నడకలో కఱ్ఱలు ముందు, పిదప దెబ్బకాలు, తరువాత మంచికాలు. మెట్లెక్కునప్పుడు మంచికాలు ముందు; దిగునప్పుడు కఱ్ఱలును దెబ్బకాలును ముందు.

తుంటియెముక విఱిగి శస్త్రచికిత్స జరిగిన వృద్ధుల సంగతి వేఱు. వారికి ఈ తూనికల నడక సాధ్యపడదు. అందుచేత నేటి వైద్యులు పలువురు, బిగింపు గట్టిగానున్నచో, మఱునాడే లేపి ఓర్వగలిగినంత బరువు మోపనిత్తురు. ఇంటివారు ప్రేమకొలది “పడుకొనుడు తాతా” అని ఆపుదురు. ఆ పడకవలననే ఱొమ్మున కఫము చేరును, వీపున పుండ్లు పడును.

నడచిన పిదప కొంత నొప్పి సహజమే. అది రాత్రి గడచినను తగ్గనిచో బరువు తగ్గించి వైద్యునకు చెప్పవలెను. పిక్క వాచి నొచ్చినను, హఠాత్తుగా ఆయాసము పుట్టినను, సిరలో రక్తము గడ్డకట్టెనేమో అని అనుమానించి ఆ గడియనే ఆసుపత్రికి పోవలెను.