పక్కవాళ్ల మనసులో ఏముందో!

సౌదీ అరేబియా రాజధాని రియాద్‌లో కొన్నేళ్ల కిందట కొందరు ఆర్థికశాస్త్రవేత్తలు 500 మంది పెళ్లయిన యువకులను పిలిపించారు. అందరూ 18 నుంచి 35 ఏళ్ల లోపు వాళ్లే. ఒకే పేటలో ఉండేవాళ్లను ముప్పయ్యేసి మంది చొప్పున ఒక్కో గదిలో కూర్చోబెట్టి, ఆడవాళ్లు బయటికి వెళ్లి ఉద్యోగం చెయ్యొచ్చా అని అడిగారు. ఒకరి జవాబు ఇంకొకరికి తెలియదు. చెయ్యొచ్చు అన్నవాళ్లు 87 శాతం! వెంటనే ఇంకో ప్రశ్న వేశారు. ఈ గదిలో మిగతావాళ్లు ఎంతమంది అవునని ఉంటారు? దానికి సగటున వచ్చిన అంచనా 63 శాతమే.

భార్య ఉద్యోగానికి వెళ్లాలంటే భర్త ఒప్పుకోవడం తప్పనిసరిలా ఉన్న సమాజం అది. ఆ భర్తకేమో లోపల అభ్యంతరం లేదు. పక్కింటాయన ఏమంటాడోనన్నదే సంకోచం. ఆ పక్కింటాయనదీ సరిగ్గా అదే సంకోచం. ఎవరూ నోరు విప్పరు కాబట్టి ఎవరికీ అసలు సంగతి తెలియదు.

పరిశోధకులు తర్వాత చేసిన పని చాలా చిన్నది. కొన్ని గదుల్లో మాత్రం అసలు లెక్క బయటపెట్టారు. తర్వాత అందరి ముందూ రెండు అవకాశాలు ఉంచారు: బహుమతి కార్డు తీసుకోవచ్చు, లేదా ఆడవాళ్లకు ఉద్యోగాలు చూపించే ఒక సేవలో భార్య పేరు నమోదు చేయించవచ్చు. లెక్క తెలియని గదుల్లో 23 శాతం మంది భార్య పేరు ఇస్తే, తెలిసిన గదుల్లో 32 శాతం మంది ఇచ్చారు. మూడు నుంచి ఐదు నెలల తర్వాత మళ్లీ వాకబు చేస్తే, మొదటి వర్గం ఇళ్లలో 6 శాతం భార్యలు ఇంటి బయట ఉద్యోగానికి దరఖాస్తు పెట్టారు. రెండో వర్గంలో 16 శాతం. స్త్రీ స్వేచ్ఛ మీద అక్కడ ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. ఇరుగుపొరుగు గురించి వాళ్ల మనసులో ఉన్న తప్పు లెక్కను సరిచేశారు, అంతే. లియొనార్డో బర్స్‌టిన్, ఆయన సహచరులు చేసిన ఈ అధ్యయనం 2020లో అచ్చయింది.

నలుగురితో పాటు నడవడాన్ని బలహీనతగా చూడటం మనకు అలవాటు. మనస్తత్వశాస్త్రం పుస్తకాల్లో సోలమన్ యాష్ ప్రయోగాన్ని చెప్పే తీరు కూడా అలాగే ఉంటుంది. 1950ల మొదట్లో అమెరికాలో ఆయన కాలేజీ కుర్రాళ్లకు గీతలు చూపించి, ఏ రెండు సమానమో చెప్పమన్నాడు. గదిలో ఒక్కడు తప్ప మిగతావాళ్లంతా ముందే కూడబలుక్కుని తప్పు చెప్పేవాళ్లు. పాపం ఆ ఒక్కడు! కళ్లకు స్పష్టంగా కనిపిస్తున్నా, అలా పరీక్షకు గురైన ప్రతి నలుగురిలో ముగ్గురు ఏదో ఒకసారైనా మందతో కలిసిపోయారు. చాలా పుస్తకాలు ఇక్కడితో ఆపేస్తాయి. అసలు ముఖ్యమైన ముక్క ఆ తర్వాత ఉంది. గుంపులో మరొక్కడు నిజం చెప్పేలా ఏర్పాటు చేయగానే తప్పు జవాబులు దాదాపు నాలుగో వంతుకు పడిపోయాయి. అంటే గుంపు బలం దాని సంఖ్యలో కన్నా ఏకగ్రీవంలో ఎక్కువ ఉంది.

ఇంత ప్రభావం ఉన్నా, ‘నేను ఎవరినో చూసి చేసే రకం కాదు’ అని అనుకోని మనిషి దొరకడం కష్టం. కరెంటు ఎందుకు ఆదా చేస్తారని కాలిఫోర్నియాలో 810 మందిని అడిగితే పర్యావరణం, డబ్బు, సమాజ హితం అన్నారు. ఇరుగుపొరుగును చూసి అన్న కారణాన్ని చిట్టచివర పెట్టారు. వాళ్ల అలవాట్లను పోల్చి చూస్తే మాత్రం, పక్కిళ్లవాళ్లు ఆదా చేస్తున్నారన్న నమ్మకానికే ఎక్కువ పొత్తు కుదిరింది. అదే రాష్ట్రంలోని శాన్ మార్కోస్ ఊళ్లో సుమారు 300 ఇళ్ల తలుపులకు చీటీలు తగిలించారు. మీ ఇంట్లో ఇంత వాడారు, పేటలో సగటు ఇంత అని వాటిలో రాశారు. ఎక్కువ వాడేవాళ్లు తగ్గించారు. తక్కువ వాడేవాళ్లేమో పెంచారు! పొదుపుగా ఉన్నవాళ్ల చీటీ మీద నవ్వు ముఖం బొమ్మ ఒకటి గీస్తే గానీ ఆ పెరుగుదల ఆగలేదు.

ఆరిజోనాలో శిలాజాలుగా మారిన చెట్ల వనం ఒకటి ఉంది. చాలామంది సందర్శకులు ముక్కలు పట్టుకుపోవడం వల్ల వనం పాడవుతోందని వాపోతూ బోర్డు పెట్టినప్పుడు, దారిలో ఉంచిన ముక్కల్లో దాదాపు 8 శాతం మాయమయ్యాయి. ‘దయచేసి తీసుకెళ్లకండి’ అన్న మామూలు బోర్డు ఉన్నప్పుడు పోయినవి 2 శాతం లోపే. హెల్మెట్ ఎవరూ పెట్టుకోవడం లేదు, లంచం తీసుకోనివాడే లేడు అంటూ రోజూ వాపోయే మన ప్రకటనలూ ప్రసంగాలూ ఏం సాధిస్తున్నాయో దీన్నిబట్టి ఊహించవచ్చు.

పాతుకుపోయిన ఆచారం సంగతేమిటి? చైనాలో ఆడపిల్లల పాదాలను చిన్నతనంలోనే వేళ్లు కిందికి మడిచి గుడ్డలతో బిగించి కట్టేవారు. అడుగు తీసి అడుగు వేయడమే నరకం. ఇది వందల ఏళ్లు సాగింది. 17వ శతాబ్దంలో మంచూ పాలకులు నిషేధించి చూసి చేతులెత్తేశారు. ఆ తల్లులకు కూతుళ్ల మీద ప్రేమ లేక కాదు. పాదాలు కట్టకపోతే పిల్లకు మంచి సంబంధం రాదని భయం. ఒక్క ఇల్లు మానితే నష్టం ఆ ఇంటికే. 19వ శతాబ్దం చివర్లో పుట్టిన సంఘాలు సరిగ్గా ఆ ముడినే పట్టుకున్నాయి. చేరిన కుటుంబాలు రెండు మాటలు ఇచ్చేవి: మా అమ్మాయి పాదాలు కట్టం, కట్టిన పాదాల పిల్లను మా అబ్బాయికి చేసుకోం. ఆ రెండో మాటతో మొదటి మాట ఇచ్చినవాళ్లకు వియ్యంకులు దొరికారు. డింగ్‌షియన్ ప్రాంతంలో సామాజిక పరిశోధకుడు సిడ్నీ గాంబుల్ చేయించిన సర్వేలో, 1890కి ముందు పుట్టిన ఆడవాళ్లలో 99 శాతం మందికి కట్టిన పాదాలు ఉన్నాయి. 1919 తర్వాత పుట్టినవాళ్లలో ఒక్కరికీ లేవు.

మనకు వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది. అయినా కట్నం పోలేదు. కట్నం ఇవ్వనంటే పిల్లకు సంబంధం కుదరదేమోనన్న బెంగ ఒక వైపు. వద్దంటే కుర్రాడిలో ఏదో లోపం ఉందనుకుంటారేమోనన్న అనుమానం ఇంకో వైపు. కాలేజీల్లో కుర్రాళ్ల చేత కట్నం తీసుకోబోమని ప్రతిజ్ఞలు చేయిస్తుంటారు. ఆ ప్రతిజ్ఞకు చేయి చాచేవాళ్లు ఎవరూ తర్వాత పెళ్లిమాటలకు కూర్చునే పెద్దలు కారు. చైనా సంఘాలకూ దీనికీ ఉన్న పెద్ద తేడా అదే.

తెలుగు నేల మీద మాత్రం ఇలాంటి మౌనం ఒకసారి పెద్దఎత్తున బద్దలైంది. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడుస్తోంది. రాత్రిపూట చదువుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ల ముందుకు, సారా వల్ల చెడిపోయిన సంసారం గురించిన పాఠం వచ్చింది. అంతవరకు మొగుడి తాగుడు ఎవరింటి గుట్టు వాళ్లది. పాఠం మీద మాటలు మొదలయ్యేసరికి అది అందరి ఇళ్లలోనూ ఉన్నదేనని తేలింది. ఆ జిల్లాలోని దూబగుంట ఆడవాళ్లు కలిసి వెళ్లి ఊళ్లో సారా కొట్టు మూయించారు. దూబగుంట రోశమ్మగా పేరుపడ్డ వర్ధినేని రోశమ్మ ఈ ఉద్యమానికి గుర్తుగా నిలిచింది. ఆ తర్వాత ఇంకో చక్కని పని జరిగింది: దూబగుంట కథనే పాఠంగా అచ్చువేసి మిగతా ఊళ్ల చేత చదివించారు. పక్క ఊరివాళ్లు చేసింది మనమెందుకు చేయలేమన్న ఊపు జిల్లా అంతా పాకింది. 1992లో సారా వేలంపాటలను ఆడవాళ్లు అడ్డుకున్నారు.

సారా రాబడి వదులుకోవడానికి ప్రభుత్వం వెనకాడింది గానీ, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించక తప్పలేదు. 1995 జనవరి 16 నుంచి ఎన్.టి. రామారావు ప్రభుత్వం మొత్తం మద్యాన్నే నిషేధించింది. కానీ దూబగుంటలో తాగేవాడికి ఎదురైంది వరుసకు అక్కలూ వదినలూ అయ్యే మనుషులు. సంపూర్ణ నిషేధంలో ఎదురైంది ఎక్సైజ్ సిబ్బంది. సీసాలు పొరుగు రాష్ట్రాల నుంచి దొంగతనంగా వచ్చాయి, ఖజానా కటకటలాడింది, 1997లో నిషేధాన్ని సడలించారు. సారా మీద నిషేధాన్ని మాత్రం అప్పుడు కదపలేదు.