వార్తల్లో పదం: స్ట్రీమింగ్ రీడ్

50 ఎంబీ ఎక్సెల్ ఫైలే కదా అని పైథాన్ ప్రోగ్రాంతో తెరిస్తే కంప్యూటర్ కాస్తా బిగుసుకుపోవచ్చు. పైకి ఫైలులా కనిపించే ఎక్సెల్ఎస్ఎక్స్ నిజానికి జిప్ మూట. పేరు చివర జిప్ అని మార్చి విప్పి చూడండి, లోపల దాదాపు అన్నీ ఎక్స్ఎంఎల్ ఫైళ్లే. అవి విప్పుకున్నాక మెమరీలో ఒక్కో గడికీ ఒక్కో ఆబ్జెక్టు పుడుతుంది. ఫైలు సైజుకు దాదాపు 50 రెట్లు, అంటే 2.5 జీబీ దాకా పట్టొచ్చని పైథాన్‌లో ఎక్సెల్ ఫైళ్లు చదివే ఓపెన్‌పైఎక్సెల్ లైబ్రరీ వాళ్లే చెబుతారు!

దీనికి విరుగుడే స్ట్రీమింగ్ రీడ్. ఒక వరుస చదువు, పని కానిచ్చుకో, వదిలెయ్. ఓపెన్‌పైఎక్సెల్‌లో దీన్నే రీడ్ ఓన్లీ మోడ్ అంటారు. షీటులో గరిష్ఠంగా పట్టే 10,48,576 వరుసలున్నా వాటన్నిటినీ ఒకేసారి మోయక్కర్లేదు. చిక్కల్లా అక్షరాలతోనే. ఊరి పేరు లాంటి మాట సాధారణంగా గడిలో ఉండదు, దాని నంబరే ఉంటుంది. అసలు పేర్ల జాబితా అదే మూటలోని వేరే ఫైల్లో ఉంటుంది. దాన్ని మాత్రం ముందే మెమరీలోకి ఎక్కించుకోవాలి.