నీళ్లలో మునిగే టైల్స్‌కు ఏ గమ్ వాడాలి? హౌజ్ కట్టే కమిటీలు, శబరి ఒడ్డు ఇళ్లవాళ్లు చూసుకోవాల్సినవి

చింతూరులో స్విమ్మింగ్ పూల్ ఎవరికుంది అని నవ్వుకోవచ్చు. కానీ 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత ఎత్తు అదే. గోదావరి నిండుగా ఉంటే కూనవరం దగ్గర కలవాల్సిన శబరి నీరు వెనక్కి తన్నుతుంది, చింతూరు వైపు ఊళ్లలోకి ఎక్కుతుంది. అలాంటప్పుడు వంటింటి గోడ టైల్స్ కూడా పూల్‌లో టైల్స్ లాగే రోజుల తరబడి మునిగి ఉంటాయి. మస్జిద్ హౌజ్ సంగతి సరేసరి, దాంట్లో ఏడాది పొడుగునా నీళ్లే. కాబట్టి పూల్‌కు పనికొచ్చే లెక్కే ఈ రెంటికీ పనికొస్తుంది.

మామూలుగా మేస్త్రీలు సిమెంటు, ఇసుక మాలు పరిచి, పైన సిమెంటు పాలు పోసి టైల్ కూర్చోబెడతారు. పాత సిరామిక్ టైల్‌కు అది సరిపోయింది. దాని వెనక భాగం నీళ్లు పీల్చుకుంటుంది కాబట్టి సిమెంటు లోపలికి దిగి పట్టుకునేది. ఇప్పటి విట్రిఫైడ్ టైల్ పీల్చేది దాని బరువులో అర శాతం లోపే. సిమెంటు లోపలికి దిగే దారే లేదు. పొడిగా ఉన్నన్నాళ్లు నిలబడినట్టే ఉంటుంది, నాలుగు రోజులు నానిందంటే ఊడిపోతుంది. టైల్ గమ్ పొడిలో సిమెంటుతో పాటు కలిపే పాలిమర్ ఈ నున్నటి వెనక భాగాన్ని పట్టుకుంటుంది.

అయితే గమ్ అని రాసున్న ప్రతిదీ నీళ్లకు పనికిరాదు. డబ్బాలో పేస్టులా కలిపి వచ్చేది అసలు వద్దు. అది గాలికి ఆరి గట్టిపడుతుంది, నీళ్లలో నానితే మళ్లీ మెత్తబడుతుంది. సంచిలో వచ్చే సిమెంటు గమ్‌లో కూడా రకాలున్నాయి. సంచి మీద ఐఎస్ 15477 ఉందో లేదో చూడాలి. అందులో టైప్ 1 ఇంటి లోపలి మామూలు పనులకు, హౌజ్‌కు అది చాలదు. సీ2 అని ఉంటే, నీళ్లలో నానబెట్టి లాగినా చదరపు సెంటీమీటరుకు సుమారు 10 కిలోల లాగుడు తట్టుకోవాలి. సీ1కు అందులో సగం చాలు. పక్కన ఎస్1 కూడా ఉంటే, కింద కాంక్రీటు కాస్త కదిలినా గమ్ పగలకుండా వంగుతుంది. ఎండకు కాలి, నీళ్లు పోయగానే చల్లబడే హౌజ్‌కు సీ2, ఎస్1 రెండూ ఉన్న సంచే సరైనది. మునిగి ఉండేచోట వాడొచ్చని కూడా దాని మీద రాసి ఉండాలి. దుకాణంలో ‘అన్నిటికీ ఇదే భాయ్’ అంటే ఊరుకోకుండా సంచి తిప్పి చదవండి.

రాయి వేస్తే ఇంకో తంటా. లేత రంగు పాలరాయికి బూడిద రంగు గమ్ వాడితే మరక పైకి కనిపిస్తుంది, తెల్ల గమ్ అడగాలి. ఆకుపచ్చ మార్బుల్‌లో కొన్ని రకాలు తడికి వంకర తిరుగుతాయి. వాటికి నీళ్లతో కలిపే గమ్ కాదు, ఎపాక్సీ కావాలి. అసలు హౌజ్‌కు పాలరాయి ఎందుకన్నది వేరే ప్రశ్న. గ్రానైటే మొండిది. అదీ మెరుగు పెట్టనిది అయితే వజూ చేసే పెద్దవాళ్ల కాళ్లు జారవు.

గమ్ ఎంత మంచిదైనా చేతి పనిలోనే చెడుతుంది. టైల్ వెనక నాలుగు మూలలా, మధ్యలో ముద్దలు పెట్టి అతికించడం మన దగ్గర బాగా అలవాటు. ఆ ముద్దల మధ్య ఖాళీల్లో నీళ్లు చేరి టైల్‌ను నెడతాయి, గోడలోని ఉప్పును తెల్లగా బయటికి తెస్తాయి. పళ్లున్న తాపీతో గమ్‌ను ఒకే వైపు చారలుగా లాగి, టైల్ వెనక కూడా పల్చగా పూసి నొక్కాలి. మునిగే చోట టైల్ వెనక కనీసం 95 శాతం గమ్ అంటాలి. పని మధ్యలో ఒక టైల్ ఊడదీసి వెనక చూడమంటే మేస్త్రీ ముఖం చిట్లిస్తాడు, అయినా చూడాల్సిందే.

పాత హౌజ్‌లు డంగు సున్నంలో సుర్ఖీ, అంటే ఇటుక పొడి కలిపి కట్టినవి. అవి నిదానంగా గట్టిపడ్డాయి. ఇప్పుడు ఆ ఓపిక ఎవరికీ లేదు. కొత్త కాంక్రీటుకు 28 రోజులు, వాటర్‌ప్రూఫింగ్ వేసి నీళ్లు నింపి లీకు చూసేందుకు వారం పది రోజులు, టైల్స్ వేశాక ఆరడానికి ఇంకో మూడు వారాలు పడతాయి. రంజాన్‌కు సిద్ధం కావాలనుకుంటే కమిటీ కనీసం రెండున్నర నెలల ముందే పని మొదలుపెట్టాలి.

వరద ఇంటి లెక్క వేరు. ఇక్కడ నీళ్లు టైల్ ముందు నుంచే కాదు, గోడ వెనక నుంచీ వస్తాయి. ఏ గమ్మూ గోడను నానకుండా ఆపదు. వరద తీశాక చాలామంది వారంలోనే ఊడిన టైల్స్ మళ్లీ అతికిస్తారు. ప్లాస్టిక్ కాగితం ముక్కను గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి మర్నాడు చూడండి. లోపల చెమ్మ పట్టిందంటే గోడ ఇంకా ఆరలేదు, ఆగాలి. నిలిచిన టైల్స్‌ను కూడా కర్రతో తట్టి, డొల్ల చప్పుడు వచ్చినవి తీసేయాలి. ఇక పోలవరం ముంపు జాబితాలో పేరున్న ఇంటికి గోడల నిండా టైల్స్ వేసి వేలు పోయడం కంటే, కింద నాపరాళ్లు ఇసుక మీద పరుచుకోవడం మేలు. ఖాళీ చేయాల్సి వస్తే రాళ్లను లేపి బండిలో వేసుకుని వెళ్లొచ్చు.

బురద వదలడానికి యాసిడ్ పోయొద్దు. అది టైల్స్ మధ్య సిమెంటు గ్రౌట్‌ను తినేస్తుంది, పాలరాతిని మచ్చలు చేస్తుంది. సబ్బు నీళ్లు, గట్టి బ్రష్ చాలు. హౌజ్‌లో జాయింట్లకు ఎపాక్సీ గ్రౌట్ పెడితే ఖర్చు ఎక్కువే కానీ నాచు తక్కువ పడుతుంది. గట్టిపడక ముందే టైల్ మీద తుడిచేయాలి, తర్వాత వదలదు. మొదటిసారి లోతైన తొట్టిని ఒక్కసారిగా నింపకుండా, రోజుకు రెండున్నర అడుగులు దాటకుండా నీళ్లు వదలాలి.