పుట్టిన ఊరికి చేరని సైనికులు

చెన్నైలో నైరుతి వైపు వెళితే నందంబాక్కం వస్తుంది. అక్కడి ట్రేడ్ సెంటర్‌కు ఎగ్జిబిషన్లు చూడటానికి వచ్చే జనంలో ఎంతమందికి తెలుసో గానీ, మద్రాస్ యుద్ధ శ్మశానవాటిక ఆ దగ్గర్లోనే ఉంది.

రెండో ప్రపంచ యుద్ధ కాలపు సైనికులు 850 మందికి పైగా అక్కడ ఉన్నారు. దక్షిణ, తూర్పు భారతంలో చెల్లాచెదురుగా ఉన్న సమాధులకు ముందుముందు ఆలనాపాలనా ఉండదేమోనని, వాటిని తరలించడానికి 1952లో ఈ చోటు ఏర్పాటు చేశారు. రాతి మీద రెజిమెంటు గుర్తు, హోదా, పేరు, చనిపోయిన తేదీ. కొన్నిటి అడుగున, సముద్రాల అవతల నుంచి ఇంటివాళ్ళు రాయించిన ఒక్క వాక్యం. ఆ అమ్మానాన్నల్లో ఎందరు ఈ రాతిని కళ్ళారా చూడగలిగి ఉంటారు?

వీళ్ళని సొంతూళ్ళకు ఎందుకు పంపలేదు? 1915లోనే బ్రిటన్ మృతదేహాల తరలింపును ఆపేసింది. డబ్బున్న కుటుంబం తెప్పించుకుని, పేద కుటుంబం ఏడ్చి ఊరుకోవడం తగదన్నది ఆ నిర్ణయం వెనుక ఉన్న ఒక కారణం. 1917లో ఏర్పడిన యుద్ధ సమాధుల కమిషన్ కూడా ఆఫీసరుకూ సిపాయికీ ఒకే కొలత రాయి పెట్టింది. సమానత్వం గొప్పదే. కానీ బిడ్డ ఎక్కడ ఉండాలో చెప్పే హక్కు కన్నవాళ్ళకు లేకపోవడం కష్టమైన మాట.

అమెరికా మరో దారి పట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, ప్రభుత్వ ఖర్చుతోనే, ఎంపికను కుటుంబాలకు వదిలేసింది. వలస వెళ్ళి అమెరికా సైన్యంలో చేరి ప్రాణాలు వదిలిన యూరప్ యువకులు కొన్ని వందల మంది అలా పుట్టిన దేశంలోని మట్టికి చేరారు. మన దేశం నుంచి వెళ్ళి అదే సైన్యంలో చేరిన ఉదయ్ సింగ్ 2003లో ఇరాక్‌లో చనిపోతే, అంత్యక్రియలు చండీగఢ్‌లో జరిగాయి. అమెరికాలోని ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలోనూ అతని పేరున రాయి ఉంది.

మరి బర్మాలో పోయిన మన సిపాయిలు? వాళ్ళతో సహా సమాధి లేని దాదాపు 27,000 మంది పేర్లు యాంగోన్ దగ్గరి తౌక్యాన్‌లో, రంగూన్ స్మారకం స్తంభాల మీద చెక్కి ఉన్నాయి. కమిషన్ జాబితాలను ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. చాలా పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా దొరుకుతాయి. యుద్ధానికి వెళ్ళి తిరిగిరాని తాతయ్య గురించి ఇంట్లో చెప్పుకునే కుటుంబాలు ఆ జాబితా ఒకసారి తెరిచి చూడాలి.