యథార్థచిత్రములు – స్త్రీజనము

చలనచిత్ర మనగానే మనలో పెక్కురకు వినోదమే స్ఫురించును. కథానాయిక కష్టములకు కన్నీరు విడిచి, ఇల్లు చేరునప్పటికి వానిని మఱచుట పరిపాటి. అయితే కల్పితకథ యేమియు లేక, ఉన్న మనుష్యులను ఉన్నచోటనే, వారి పనిపాటలతోడను వారి మాటలతోడను చూపెడు చిత్రములు వేఱుగా గలవు. వీనిని డాక్యుమెంటరీ లందురు. మేము యథార్థచిత్రము లనుచున్నాము. వీనికిని స్త్రీజనమునకును గల సంబంధమును గూర్చి సోదరీమణులకు కొంత విన్నవింప దలచితిమి.

మన దేశమున 1948లో కేంద్రప్రభుత్వమువారు ఫిలిమ్స్ డివిజను అను శాఖను నెలకొల్పిరి. దాని చిత్రములను చాలకాలము సినిమాహాళ్లలో అసలు ఆటకు ముందు చూపుచుండిరి. ఆనకట్టలు, కర్మాగారములు, పంటలు మున్నగువానిని గూర్చి కంటికి కానరాని పురుషు డొకడు గంభీరకంఠముతో బోధించుట అందు తఱచు. తెరమీది స్త్రీ నాట్లు వేయును, నీళ్లు మోయును, బిడ్డ నెత్తుకొని నిలుచును. నోరు మాత్రము విప్పదు. ఆమెను గూర్చి చెప్పువాడు వేఱొకడు.

ఈ పద్ధతికి భిన్నముగా నడువ నెంచి, 1980లో దీపా ధన్‌రాజ్, అభా భయ్యా, మీరా రావు అను స్త్రీలును, ఛాయాగ్రాహకుడు నవ్‌రోజ్ కాంట్రాక్టరును గూడి 'యుగాంతర్' అను బృందముగా నేర్పడిరి. 1981 మొదలు 1983 వఱకు నాలుగు చిత్రములు తీసిరి. పుణె నగరమున ఇండ్లలో పనిచేయు స్త్రీలు సంఘముగా గూడిన వృత్తాంత మొకటి. నిపాణిలో పొగాకు కార్ఖానాల స్త్రీలు సాగించిన పోరాట మొకటి. హిమాలయ ప్రాంతమున అడవులను కాపాడుటకు నడుము కట్టిన చిప్కో స్త్రీలను గూర్చిన దొకటి. నాలుగవది మన తెలుగు చిత్రమే: హైదరాబాదు నందలి స్త్రీశక్తి సంఘటనతో గలిసి 1983లో తీసిన 'ఇది కథ మాత్రమేనా?'

ఈ చివరి చిత్రమున పాత్రలు కల్పితములు గాన దీనిని పూర్తిగా యథార్థచిత్ర మనరాదు. కాని యందలి యిల్లాలి దుఃఖము మన వీధులలో ఎఱుగనిది కాదు. మగడు కొట్టుట ఇంటిగుట్టనియు, దానిని గడప దాటనీయరాదనియు మన పెద్దలు తరతరములుగా బోధించిరి. ఆ గుట్టును నలుగురి యెదుట తెరమీద నుంచుటయే ఈ చిత్రము చేసిన పని. ఆ 1983లోనే భర్తయు అతని బంధువులును చేయు క్రూరత్వమును నేరముగా నెంచుచు శిక్షాస్మృతికి 498-ఎ నిబంధనము చేర్చబడినది. 2024 జూలై నుండి ఇది భారతీయ న్యాయసంహితలో 85, 86 నిబంధనములుగా నున్నది. ఒక్క చిత్రమువలన చట్టము పుట్టదు. అది దేశమందలి స్త్రీల ఆందోళన ఫలము. అయినను చట్టము పుస్తకమున నుండును. 'ఇది నా యింటి సంగతియే' యని నోరు విప్పు ధైర్యము నలుగురు స్త్రీలు గూర్చుండి చూచి, చూచినదానిని గూర్చి మాటలాడుకొనినప్పుడే కలుగును.

ఇంతవఱకు కెమెరా పట్టినవారు చదువుకొనిన పట్టణవాసులు. అది పల్లెస్త్రీ చేతికే వచ్చినచో ఏమగును? సంగారెడ్డి జిల్లాలో జహీరాబాదు చెంత పస్తాపూరను గ్రామము గలదు. అచ్చట డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీవారి మహిళా సంఘములలో పెక్కురు దళిత స్త్రీలు, చిన్న కమతములవారు. వీరిలో కొందఱు 1990ల చివర వీడియో చిత్రణము నేర్చిరి. 2001లో వీరికై కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడినది. బడి మొగ మెఱుగనివారును వీరిలో నుండిరి.

వీరు కెమెరా కోణములకు తామే పేర్లు పెట్టుకొనిరి. పైనుండి క్రిందికి చూచునది 'పటేలు షాటు'. దొర కూలివానిని చూచు చూ పది. క్రిందినుండి పైకి చూచునది బానిస చూపు. కన్నులకు సరిసమానముగా చూచునది 'సంఘం షాటు'; సంఘములో అందఱును నేలమీద సమముగా గూర్చుందురు గదా! చూపులోనే పెత్తన మున్నదని ఇంత తేటగా మఱి యెవరు చెప్పగలరు?

2002లో మన దేశమున బీటీ ప్రత్తి విత్తనమునకు అనుమతి లభించెను. ఆ తొలి పంటకాలమున ఈ స్త్రీలు వరంగల్లు ప్రాంతపు చేలకు పోయి, విత్తినది మొదలు రైతుల మాటలను చిత్రించి, 2003లో వారి నష్టమును లోకమునకు చూపిరి. 2005లో కేంద్రసంఘము ఆంధ్రప్రదేశ్‌లో మూడు బీటీ రకములకు అనుమతి పొడిగింప నిరాకరించినది. అయినను తరువాత వచ్చిన ఇతర రకములతో దేశపు ప్రత్తిచేలలో అధికభాగము బీటీదే యైనది. కావున చిత్రము మంత్రదండము గాదు. అది సాక్ష్యము. తీర్పు చెప్పవలసినది చూచిన మనమే.

నేడు ఇంటింట చేతిఫోనులో కెమెరా యున్నది. మహిళామండలులవారు నెలకొక యథార్థచిత్రమును చూచి, ముచ్చటించుకొనుట మంచిది. తామే చిత్రము తీయ నెంచువారు, ఎదుటి స్త్రీ సమ్మతిని ముందు పొందవలెను. తీసినదానిని మొదట ఆమెకే చూపవలెను. ఒకరి కష్టము మఱియొకరికి వేడుక కారాదు.

ఇంకొక మాట. కెమెరా లేకున్నను చూపు మనకు గలదు. ఉదయమే వచ్చి మన అంట్లు తోము నామెను మన మే షాటులో చూచుచున్నామో సోదరీమణు లొక్కసారి యోచింతురు గాక.