కారులో కూలెంట్ తరచూ తగ్గుతోందా? నీళ్లు పోసి సరిపెట్టుకుంటే ఏమవుతుంది?

ఎండాకాలంలో శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద బోనెట్ ఎత్తి పక్కన ఆపిన కార్లు కనిపిస్తుంటాయి. ఇంజిన్ కాస్త చల్లారాక, సీసాలోని తాగునీళ్లు పోసి మళ్లీ బయలుదేరతారు. ఆ రోజుకు గండం గడుస్తుంది. వారం తిరిగేసరికి ట్యాంకులో మట్టం మళ్లీ పడిపోతుంది. మళ్లీ నీళ్లు పోస్తారు.

పొరపాటు ఇక్కడే జరుగుతోంది. కూలెంట్ పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. మూసి ఉన్న వ్యవస్థలో ఇంజిన్‌కూ రేడియేటర్‌కూ మధ్య తిరుగుతూ ఉంటుంది. ఏడాదిలో కొద్దిగా తగ్గితే కంగారు పడక్కర్లేదు. నెలనెలా పోయాల్సి వస్తోందంటే మాత్రం ఎక్కడో కారుతున్నట్టే.

నీళ్లు పోస్తే నష్టమేంటి?

కూలెంట్‌లో సాధారణంగా సగం నీరు, సగం ఇథిలీన్ గ్లైకాల్ ఉంటాయి. తుప్పు పట్టకుండా కొన్ని రసాయనాలు కూడా కలుపుతారు. మామూలు నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. వ్యవస్థ లోపల సుమారు 1 బార్ అదనపు పీడనాన్ని దాని మూత నిలిపి ఉంచుతుంది. ఆ పీడనం వల్ల కూలెంట్ 125 డిగ్రీల దాకా మరగదు. లీకు ఉంటే ద్రవం తగ్గడమే కాదు, ఈ పీడనం కూడా నిలవదు.

నీళ్లు పోసేకొద్దీ గ్లైకాల్ పలచబడుతుంది, తుప్పును ఆపే శక్తి తగ్గుతుంది. బోరు నీళ్లయితే మరీ చేటు. నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టే తెల్లటి పొరే రేడియేటర్ సన్నని గొట్టాల్లోనూ పేరుకుంటుంది. తప్పనిసరైతే డిస్టిల్డ్ వాటర్ వాడాలి.

లీకును ఎలా గుర్తించాలి?

రాత్రి కారు కింద ఒక అట్టముక్క పరిచి, ఉదయం చూడండి. రంగూ వాసనా లేని నీటి చుక్కలైతే అవి ఏసీ నుంచి వచ్చినవి, భయం లేదు. నల్లగానో గోధుమరంగులోనో జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిల్ కావచ్చు. ఆకుపచ్చ, గులాబీ, నారింజ, నీలం రంగుల్లో ఏదో ఒకటిగా ఉండి, కాస్త జిగటగా, తియ్యటి వాసన వస్తే అది కూలెంటే.

ఆ తర్వాత ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు బోనెట్ ఎత్తి చూడాలి. కారిన కూలెంట్ ఎండిపోయాక రంగు మరకనో తెల్లటి పొరనో వదిలి వెళ్తుంది. రబ్బరు పైపుల చివర్లలో క్లిప్పులు ఉన్నచోట, రేడియేటర్ ప్లాస్టిక్ భాగమూ అల్యూమినియమూ కలిసే అతుకు దగ్గర, వాటర్ పంపు కింద ఈ మరకల కోసం వెతకండి. కారు లోపల తియ్యటి వాసన వస్తూ, ముందు అద్దం జిడ్డుగా మసకబారి, కాళ్ల కింద కార్పెట్ తడిగా ఉంటే హీటర్ కోర్‌ను అనుమానించాలి.

బయట ఎక్కడా తడి కనిపించకపోతే పరిస్థితి ఇంకా తీవ్రమైనది కావచ్చు. హెడ్ గాస్కెట్ దెబ్బతింటే కూలెంట్ ఇంజిన్ లోపలికే పోతుంది. ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా రావడం, ఆయిల్ పాలు కలిపిన కాఫీలా మారడం దీని లక్షణాలు. అప్పుడిక కారు నడపకూడదు.

మెకానిక్‌ను ఏం అడగాలి?

‘ప్రెషర్ టెస్ట్ చేయండి’ అని అడగండి. చల్లటి ఇంజిన్‌కు చేతి పంపుతో మూత మీద రాసి ఉన్నంత పీడనం ఎక్కించి, కొన్ని నిమిషాలు చూస్తారు. ముల్లు పడిపోతే లీకు ఉన్నట్టే. అది ఎక్కడుందో కూడా చాలాసార్లు అప్పుడే బయటపడుతుంది. ఈ పరీక్ష లేకుండా ‘రేడియేటర్ మార్చాలి’ అంటే తొందరపడకండి. లోపం మూతలోనో క్లిప్పులోనో ఉండొచ్చు. పైపు పగిలితే పైపు మారిస్తే చాలు. టైమింగ్ బెల్టుతో తిరిగే వాటర్ పంపయితే, పంపుతో పాటు బెల్టు కూడా మార్చడం మేలు. లేకపోతే అదే విప్పుడు కూలీ రెండోసారి ఇవ్వాలి.

రేడియేటర్‌లో పసుపు వేస్తే లీకు ఆగుతుందనే చిట్కా లారీ డ్రైవర్ల నోట వినిపిస్తుంటుంది. సన్నని కన్నం తాత్కాలికంగా మూసుకోవచ్చు కూడా. అయితే కన్నాన్ని మూసే పొడి మంచి గొట్టాలనూ మూసేయగలదు. దుకాణాల్లో దొరికే లీక్ స్టాప్ ద్రవాలకూ ఇదే వర్తిస్తుంది. అవి గ్యారేజీ చేరేదాకా పనికొచ్చేవే తప్ప మరమ్మతు కాదు.

దారిలో ముల్లు ఎర్ర గీత చేరితే?

ఏసీ ఆపి, హీటర్‌ను పూర్తిగా పెట్టండి. అది ఇంజిన్ వేడిని కొంత లాగేస్తుంది. సురక్షితమైన చోటు చూసి ఆపి, ఇంజిన్ కట్టేయండి. వేడి మీద మూత తీయొద్దు. పీడనం ఒక్కసారిగా పోవడంతో లోపలి ద్రవం మరిగి పైకి చిమ్ముతుంది, ముఖం, చేతులు తీవ్రంగా కాలతాయి. కనీసం గంట ఆగండి. కాలిన ఇంజిన్‌లో చల్లటి నీళ్లు పోస్తే లోహం పగిలే ప్రమాదముంది.

ముల్లు కిందే ఉందని ధీమా పడటానికీ లేదు. కూలెంట్ పూర్తిగా అయిపోతే, సెన్సర్‌కు తగలడానికి ద్రవమే ఉండదు కాబట్టి మీటరు తప్పు చూపించవచ్చు.

కారిన కూలెంట్‌ను అలాగే వదిలేయకండి. ఇథిలీన్ గ్లైకాల్ విషం, పైగా తియ్యగా ఉంటుంది. గాంబియాలో పిల్లల మరణాల నేపథ్యంలో 2022 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించిన సిరప్‌లలో బయటపడిన విషపదార్థాల్లో ఇదీ ఒకటి. పిల్లలు, కుక్కలు, పిల్లులు నాకే వీలు లేకుండా నేలను కడిగేయాలి.

చివరిగా బీమా సంగతి. మామూలు మోటార్ పాలసీలు యాంత్రిక వైఫల్యాన్ని భరించవు. వేడెక్కినా ఆపకుండా నడిపి ఇంజిన్ పాడైతే, ఆ ఖర్చు దాదాపుగా యజమానిదే. పదిహేను రోజులకోసారి ఉదయాన్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ట్యాంకు మీది గీతల మధ్య మట్టం చూసుకోండి. అది పడిపోతుంటే నీళ్ల సీసా కోసం కాదు, లీకు కోసం వెతకాలి.