ఫెల్ట్ క్రిస్మస్ స్టాకింగ్ చేత్తో కుట్టడం ఎట్లా? కిట్ విప్పిన దగ్గర్నుంచి సూట్‌కేసు దాకా

ఈ ఎపిసోడ్‌లో ఫెల్ట్ స్టాకింగ్ గురించి మాట్లాడుకుందాం. సినిమాల్లో చూసే ఉంటారు, క్రిస్మస్‌కి అమెరికా ఇళ్లల్లో పెద్ద ఎర్ర సాక్స్ లాంటిది వేలాడుతుంటుంది. పిల్లల పేరు రాసి ఉంటుంది, అందులో చాక్లెట్లు, చిన్న చిన్న బహుమతులు వేస్తారు. అదే స్టాకింగ్. మా కరీంనగర్‌లో ఆ అలవాటు లేదు. మేం సీఎస్ఐ చర్చి వాళ్లం. మాకు క్రిస్మస్ అంటే ఇంటి మీద స్టార్ కట్టుడు, రాత్రిపూట కేరల్స్, కొత్త బట్టలు, పిండివంటలు. అటు మంచిర్యాల, ఆదిలాబాద్ దిక్కు మా చుట్టాల ఇళ్లల్లో కూడా స్టారే కనిపిస్తది గానీ స్టాకింగ్ నేనెప్పుడూ చూడలేదు.

మరి ఇప్పుడెందుకంటే, మా అక్క డాలస్‌లో ఉంటది. వాళ్ల పాపకు ఎనిమిది నెలలు, ఇది మొదటి క్రిస్మస్. అమ్మ ఇంకా పాపను ఫోన్‌లోనే చూసింది, ఎత్తుకోలేదు. అక్క ఒక కిట్ కొని, హైదరాబాద్ వస్తున్న ఫ్రెండ్ చేతికిచ్చి పంపింది. "అమ్మ చేత్తో కుట్టింది కావాలె" అని ఒక్కటే మాట. అమ్మ ఇరవై ఏళ్లు బ్లౌజులు కుట్టిన మనిషి. కానీ ఇప్పుడు చిన్న సూదిలో దారం ఎక్కించాలంటే కళ్లు సరిగ్గా ఆనుతలేవు. అందుకే ఇద్దరం కూర్చున్నాం. అక్టోబర్ చివర్ల మొదలుపెడితే, రోజూ రాత్రి రెండు గంటల చొప్పున అయిదు వారాలు పట్టింది. మీరు డిసెంబర్‌లో మొదలుపెట్టి క్రిస్మస్‌కి అయిపోవాలంటే కష్టం, ముందే చెప్తున్నా.

అసలు ఈ సాక్స్ కథ ఎక్కడిది? నాలుగో శతాబ్దంలో మైరా అనే ఊళ్లో, అంటే ఇప్పటి టర్కీలో, నికొలస్ అనే బిషప్ ఉండేవాడు. ఒక పేదాయనకు ముగ్గురు ఆడపిల్లలు, కట్నం ఇచ్చుకోలేక పెళ్లిళ్లు ఆగిపోయాయట. నికొలస్ రాత్రిపూట ఎవరికీ తెలియకుండా కిటికీలోంచి బంగారం మూటలు వేశాడని కథ. తర్వాత చెప్పుకున్నవాళ్లు, ఆ మూట పొయ్యి దగ్గర ఆరేసిన మేజోడులో పడిందన్నారు. ఈ కథ విన్నంక అమ్మ అన్నది, "అక్కడ గూడ కట్నం బాధేనా బిడ్డా" అని. అమెరికాలో 1823లో ఒక పత్రికలో అచ్చయిన క్రిస్మస్ పద్యంలో పొగగూటి దగ్గర మేజోళ్లు వేలాడదీసిన మాట ఉంది. ఆ పద్యం పిల్లలందరికీ నోటికొచ్చేంత పాపులర్ అయింది.

సరే, కిట్‌లోకి వద్దాం. ఇట్లాంటి వాటిలో బుసిల్లా అనే అమెరికా బ్రాండ్ బాగా తెలిసిన పేరు. వాటిలో స్టాకింగ్ సాధారణంగా 18 అంగుళాలు. మన లెక్కలో సరిగ్గా మూర. విప్పితే ఏముంటయి? గీతలు, నంబర్లు అచ్చేసిన ఫెల్ట్ ముక్కలు, ఎంబ్రాయిడరీ దారాలు, చమ్కీలు, పూసలు, సూది, ఇంకా ఒక పెద్ద కాగితం. కాగితమంతా ఇంగ్లిష్. అమ్మ దాన్ని ఒకసారి తిప్పి చూసి, అక్షరాలు వదిలేసి బొమ్మల మీద వేలు పెట్టింది. ఒక్కో బొమ్మా చూస్తూ, "గిది మాకు తెల్సిందే గదనే" అనుకుంట పోయింది. నాకు అప్పుడర్థమైంది. ఈ కిట్‌లో పేర్లే కొత్తవి, కుట్లు కాదు. మీ ఇంట్లో కుట్టుపని తెలిసిన అమ్మో అమ్మమ్మో ఉంటే, ఇంగ్లిష్ కాగితానికి భయపడాల్సిన పనే లేదు.

ముందు ఫెల్ట్ గురించి తెలుసుకోండి. మన గొంగడి కూడా ఉన్నిదే కదా, కానీ గొంగడిని మగ్గం మీద పడుగు, పేక వేసి నేస్తారు. ఫెల్ట్‌లో నేత లేదు. అసలైన ఫెల్ట్ అంటే ఉన్నిని తడి, వేడి, ఒత్తిడితో నొక్కి, వెంట్రుకలు ఒకదాంట్లో ఒకటి చిక్కుకునేట్టు చేసిన పలక. నేత లేదు కాబట్టి ఎక్కడ కోసినా అంచుకు పోగులు ఊడవు, మడిచి కుట్టే పని లేదు. ఈ పనికి ఫెల్ట్ వాడేది అందుకే. కానీ చవకగా దొరికేవి ఎక్కువగా పాలిస్టర్‌వి. వాటి మీద వేడి ఇస్త్రీ పెడితే కరుగుతయి. ముడతలు పోవాలంటే పైన కాటన్ గుడ్డ వేసి, తక్కువ వేడితో ఊరికే తాకించండి. ఉతకడం మాత్రం వద్దు, ఎరుపు రంగు దిగి తెల్ల గడ్డమంతా గులాబీ అయితది.

కత్తిరించేటప్పుడు అన్ని ముక్కలూ ఒకేసారి కోసేయకండి. శాంటా చెయ్యి, ఎలుగుబంటి చెవి, టోపీ కొస, కోసినంక అన్నీ ఒకే తీరు కనిపిస్తయి. ఆ రోజు కుట్టే ముక్కనే కోయండి. అచ్చు గీత మీద కాకుండా, గీతకు కొంచెం లోపలి నుంచి కోస్తే ఆ గీత బయటికి కనిపించదు.

దారాలు పగటి వెలుతురులో వేరు చేసుకోండి. ట్యూబ్‌లైట్ కింద రెండు బ్రౌన్ రంగులు ఒక్క తీరే కనిపిస్తయి. పాత పెండ్లి కార్డుకు రంధ్రాలు చేసి, ఒక్కో రంగూ ఒక్కో దాంట్లో కట్టి, పక్కన నంబర్ రాసుకున్నాం. ఎంబ్రాయిడరీ దారంలో ఆరు పోగులుంటయి. ఎక్కువ పనికి రెండే పోగులు కావాలి. మూర పొడవు కోసుకొని, ఒక్కో పోగు విడిగా లాగి, తర్వాత రెండు కలపండి. రెండూ ఒకేసారి లాగితే చిక్కుపడతది. ఇంకా పొడవైతే మళ్లీ మళ్లీ ఫెల్ట్‌లోంచి గుంజి గుంజి దారం నూగు లేస్తది.

ఇప్పుడు కుట్లు, దగ్గరగా చూపిస్తా. కాగితంలో రన్నింగ్ స్టిచ్ అన్నది మన బొంత కుట్టే. పాత చీరలు పొరలు పేర్చి అమ్మమ్మలు వేసేది. చిన్న ముక్కను పెద్ద ముక్క మీద అంటించడానికి అంచు వెంబడి చిన్న చిన్నగా వేసేదాన్ని అమ్మ తురపాయి అంటది. బ్లౌజు చేతి అంచుకు వేస్తది కదా, ఆ చెయ్యే ఇక్కడ పనికొచ్చింది. ముక్క రంగు దారమే వాడాలి. కింది నుంచి సూది పైకి తెచ్చి, అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు లోపల దించాలి. గట్టిగా గుంజితే ఫెల్ట్ గుంట పడతది. బ్లాంకెట్ స్టిచ్ చూసి "కాజా కుట్టు" అన్నది. చుట్టమే గానీ అచ్చంగా అదే కాదు. కాజాలో కుట్లు ఒకదానికొకటి ఆనుకొని ఉంటయి, ముడి పడతది. బ్లాంకెట్‌లో మధ్యన జాగా ఉంటది. స్టెమ్ స్టిచ్ అంటే కాడ కుట్టు, చెయిన్ అంటే గొలుసు కుట్టు, ఇవి స్కూల్లో కూడా నేర్పేవాళ్లు.

కొంచెం ఓపిక కావాల్సింది ఫ్రెంచ్ నాట్. మల్లెమొగ్గ అంత చిన్న ముడి. సూదిని పైకి తేవాలి, దారాన్ని సూదికి రెండు చుట్లు చుట్టాలి, ఎడమ చేత్తో దారం బిగించి పట్టుకొని, వచ్చిన చోట కాకుండా దాని పక్కనే సూది దించాలి. అదే రంధ్రంలో దించితే ముడి మొత్తం కిందికి జారిపోతది. పాత గుడ్డ మీద ఇరవై వేసి చూడండి, చెయ్యి తిరుగుతది.

ఈ ముడి గురించి ఎందుకింత చెప్తున్నానంటే, మా ఇంట్లో పెద్ద పంచాయితీ దీని మీదే అయింది. కిట్‌లో చమ్కీ, దాని మీద పూస పెట్టి కుట్టమని ఉంటది. సూది చమ్కీలోంచి, పూసలోంచి పైకొచ్చి, పూసను వదిలేసి తిరిగి చమ్కీ రంధ్రంలోకే దిగాలి. అప్పుడు పూసే చమ్కీని ఆపుతది. అందంగా ఉంటది, ఒప్పుకుంటా. కానీ ఎనిమిది నెలల పాప ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటది. ఒక్క పూస ఊడినా గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉంది. మూడేళ్ల లోపు పిల్లలుంటే చిన్న వస్తువులు వద్దని బొమ్మల డబ్బాల మీద కూడా రాస్తారు. అక్క వద్దన్నది. అమ్మ ఊకోలే. "చమ్కీ లేకుంటె పండుగ బట్ట ఎట్లైతదే? మొగురం మీద కడతరు గని పొల్ల నోట్లె పెడతరా?" అని. రెండు రోజులు ఫోన్లో ఇదే ముచ్చట. చివరికి బాపు మధ్యల దూరి, "మెరుపు గావాలె, ఊడొద్దు, గంతే గదా? జరీ దారం పెట్టుండ్రి" అన్నడు. ఆయనకు సూది పట్టుడు రాదు, కానీ ఆ మాట పనికొచ్చింది. పూసలున్న ప్రతి చోటా ఫ్రెంచ్ నాట్లు, చమ్కీలున్న చోట జరీతో చిన్న నక్షత్రాలు వేశాం. జరీ దారం మూర కాదు, జానెడే తీసుకోండి, తొందరగా పీచు లేస్తది. చమ్కీలు, పూసలు అమ్మ దగ్గరే డబ్బాలో ఉన్నయి. పాప పెద్దయినంక కుడతదట.

పేరు దగ్గర ఇంకో మాట. పైన తెల్ల పట్టీ మీద పేరు కుట్టాలి. కిట్‌లో ఇంగ్లిష్ అక్షరాల నమూనా మాత్రమే ఇచ్చారు. మేం తెలుగులో వేశాం. పల్చటి ట్రేసింగ్ పేపర్ మీద పేరు రాసి, పట్టీ మీద గుచ్చి, కాగితంతో పాటే కుట్టి, తర్వాత కాగితం చింపేయాలి. మన అక్షరాలన్నీ గుండ్రం కాబట్టి కుట్టు పొడవు తగ్గించాలి, మూడు మిల్లీమీటర్లు దాటితే ఒంపు కాస్తా మూల అయితది. పైన గుడులు, దీర్ఘాలు, కింద వత్తులు ఉంటయి కాబట్టి పైనా కిందా జాగా వదిలి రాసుకోండి. పట్టీని స్టాకింగ్‌కు అతికించక ముందే పేరు కుట్టేయడం సులువు.

ముందు భాగం పని మొత్తం అయ్యాకే వెనక ముక్క జత చేయాలి. శాంటా పొట్టలాంటి చోట్ల కొద్దిగా దూది నింపాలి, చీపురు పుల్లతో మూలలకు నెట్టండి. ఎక్కువ నింపితే ముఖం ఉబ్బినట్టు కనిపిస్తది. వెనక ముక్కను చుట్టూ బ్లాంకెట్ కుట్టుతో కలిపాం, పై మూతి వదిలేసి. మడమ, పాదం దగ్గర బరువు పడుతుంది కాబట్టి కుట్లు దగ్గరగా ఉండాలి. వేలాడదీసే తాడును ఒక్క పొరకు కాదు, పొరలన్నింటికీ కలిపి కుట్టండి. బరువంతా మోసేది అదే. మా కిట్‌లో లైనింగ్ ఇవ్వలేదు. లోపల దారపు ముడులకు బహుమతులు తట్టుకుంటయని అమ్మ తన పాత నూలు చీర ముక్కను కొంచెం చిన్నగా కోసి, సంచిలా కుట్టి, లోపల దించి, మూతి దగ్గర తురపాయి వేసింది. నన్నడిగితే కిట్‌లో ఉన్నవాటన్నింటికన్నా ఆ ముక్కే బాగుంది.

కిట్ ఖరీదెక్కువ అనుకుంటే, స్టేషనరీ షాపుల్లో ఫెల్ట్ షీట్లు దొరుకుతయి. ఏ4 సైజు అంటే పొడవు 30 సెంటీమీటర్లు కూడా నిండదు కాబట్టి మూర స్టాకింగ్ రాదు. పది అంగుళాలది చేసుకోండి. మొదటిసారికి అదే నయం. రెండు షీట్లు, రెండు రంగుల దారం, మీద ఒక్క స్టార్.

పంపేటప్పుడు మడత పెట్టకండి, మడత గీత పోదు. పల్చటి కాగితంలో చుట్టలా చుట్టి ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. మేం డాలస్ వెళ్తున్న తెలిసినవాళ్లబ్బాయి చేతికిచ్చాం. ఆ సూట్‌కేసులోనే అక్కకు మామిడికాయ తొక్కు కూడా పోతుంది. తొక్కు సీసాకు రెండు కవర్లు కట్టి ఒక మూలకు, స్టాకింగ్ ఇంకో మూలకు, మధ్యలో ఆ అబ్బాయి బట్టలు. నూనె మరక పడితే ఫెల్ట్ ఉతికే దారి లేదు కదా మరి.